నలభై అయిదు డిగ్రీల నేరం

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో ఫకీర్ ఫ్రేముల దుకాణం ఉంది. బోర్డు మీద పేరు ఫకీర్‌దే గానీ పట్టీలు కోసేది, మేకులు కొట్టేది, అద్దాలు తుడిచేది అంతా ఆయన బిడ్డ ఫరా. ఫకీర్ వాటాకొచ్చిన పని ముందర కుర్చీలో కూచుని మాట్లాడటం. ఆ పని ఆయన ఎంత నిష్ఠగా చేస్తాడంటే, జ్వరమొచ్చిన నాడు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి మాట్లాడిపోతాడు.

ఊళ్లో ఫ్రేముతో అవసరం పడని మనిషి లేడు. రిటైరైనవాళ్లకు సన్మాన పత్రాలు, పోయినవాళ్లకు ఫోటోలు, బతికున్నవాళ్లకు దేవుళ్లు, మక్కా మదీనాలు. ఎవరి ఫ్రేముకైనా నాలుగు మూలలే. ఆ మూలల దగ్గరే ఫరాకు చిక్కొచ్చిపడింది.

బీకాం చదివి దుకాణం చేతికి తీసుకోగానే ఆమె చేసిన మొదటి ఘనకార్యం కరెంటు కోత మిషన్ కొనడం. అది గుయ్యిమని లేచిందంటే పక్క దుకాణం టైలరు నోట్లో ఉన్న కొలత మర్చిపోయి మళ్లీ టేపు తీసేవాడు. పట్టీని చిటికెలో నరికేది. నరికేది అనే మాటే సరి, కోసేది అనలేం. బంగారు రంగు పట్టీ అంచు చిట్లి లోపలి తెల్ల కర్ర పళ్లికిలించేది. రెండు పట్టీలు మూల దగ్గర కలిసినట్టే కలిసి, మధ్యలో సందు వదిలేవి. ఆ సందులో జిగురులో కలిపిన రంపపు పొట్టు కూరి, పైన గోల్డు పెయింటు అద్ది, దానికి ‘ఫినిషింగ్’ అని పేరు పెట్టింది ఫరా. పేరు పెట్టాక అది లోపం కాదు, పద్ధతి అయింది.

దుకాణం వెనక గదిలో, పగిలిన అద్దాల పక్కన ఓ ఇనుప వస్తువు ఉండేది. ఫకీర్ తండ్రి, అంటే ఫరా వాళ్ల దాదా నాటిది. సగం చందమామలా ఉన్న బరువైన ఇనుప పీఠం, రెండు పక్కలా రెండు వెడల్పాటి కత్తులు, నడుమ నుంచి పైకి లేచిన పొడుగాటి పిడి. దాదా పోయిన తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు. ముట్టలేదంటే పని కోసం ముట్టలేదు. టీ తాగిన గ్లాసులు మాత్రం దాని మీదే పెట్టేవాళ్లు. పాత సామాన్ల బండోడికి ఇచ్చేద్దామని ఫరా అన్నప్పుడల్లా, “మల్ల గ్లాసులేడ పెట్టాలె?” అని ఫకీర్ అడ్డుపడేవాడు. పెద్దల ఆస్తి మీద ఆ ఇంటికున్న మమకారం అంతటిది.

అట్లాంటి దుకాణంలోకి ఓ పొద్దున చంద్రశేఖర్ సార్ అడుగుపెట్టాడు.

చంద్రశేఖర్ సార్ గద్వాల మనిషి. ఉద్యోగమంతా పిల్లలకు భూగోళం చెప్పి, రిటైరయ్యాక చరిత్ర మీద పడ్డాడు. ‘పాలమూరు ప్రాచీన వస్తు పరిరక్షణ సమితి’కి ఆయన అధ్యక్షుడు, సమితిలో సభ్యులు కూడా ఉన్నారని వినికిడి. తుప్పు పట్టిన ప్రతిదీ ఆయన కంటికి సంస్థానాల కాలంనాటిదే. ఇటిక్యాలలో ఎవరింట్లోనో ఇత్తడి చెంబు చూసి రాణిగారి స్నానాల చెంబని తేల్చాడు. అది నా పెండ్లికి మా మేనమామ పెట్టింది సార్ అని ఆ ఇంటావిడ మొత్తుకుంటే, “మీ మేనమామకు ఎవరు పెట్టిన్రో కనుక్కో తల్లీ” అని ఫోటో తీసుకుని వచ్చేశాడు.

గద్వాలలో సమితి తరఫున ప్రదర్శన పెడుతున్నారు, వచ్చే అతిథులకు జ్ఞాపికలు కావాలి, వాటికి ఫ్రేములు కావాలి. సార్ వచ్చిన పని అది. కొలతలు చెబుతూ చెబుతూ వెనక గదిలోకి తొంగి చూశాడు. అంతే, కొలతలు ఆగిపోయాయి.

“ఫకీర్ భాయ్! ఏందిది?”

అదేందో ఫకీర్‌కు బాగా తెలుసు. ఫ్రేము పట్టీల మూలలు చెక్కే చేతి మిషన్. దాని పక్కనే ఆడుకుంటూ పెరిగాడు. కానీ సార్ కళ్లు ఆ తీరున వెలుగుతుంటే నిజం చెప్పడానికి మనసొప్పలేదు. నిజం చెబితే సార్ ‘ఓహో’ అని లేచిపోతాడు, కుర్చీలో మళ్లీ ఒంటరితనం.

“చెప్తె నమ్మరు సార్,” అన్నాడు గొంతు తగ్గించి. “వేళ్లు కోసేది. దొంగలయి.”

సార్ ఒక్క అడుగు వెనక్కి వేసి, రెండడుగులు ముందుకు వేశాడు. “మరి ఈ గీతలు, అంకెలు? నలభై అయిదు, అరవై, తొంభై?”

ఫకీర్ ఆలోచించింది రెప్పపాటే. “సెక్షన్లు సార్. నలభై అయిదు చిల్లర దొంగతనం. అరవై అంటే దోపిడి. తొంభై...” అటూ ఇటూ చూశాడు. “రాజద్రోహం.”

అక్షాంశాలు, రేఖాంశాలు అంటూ జన్మంతా డిగ్రీల మీదే బతికిన మనిషి ఆ డిగ్రీలను గుర్తుపట్టలేదు. జేబులోంచి భూతద్దం తీసి ఇనుము మీద పోతపోసిన అక్షరాలు చూశాడు. చాలావరకు తుప్పు తినేయగా పి, ఏ, టి అనే ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి.

“పట్,” అని చదివి ఊపిరి బిగబట్టాడు. “పట్టాభిషేకం! పట్టాభిషేకం నాడు చేయించింది భాయ్ ఇది!”

కరెంటు మిషన్ దగ్గర నిలబడి ఇదంతా వింటున్న ఫరా చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. అది పేటెంటు అనే మాటకు మొదలని ఆమెకు తెలుసు. చెప్పొచ్చు. చెబితే ఆ ఇనుప దిమ్మె ఇక్కడే ఉండిపోతుంది. ప్రదర్శనకు ఇవ్వమని సార్ చేతులు జోడించినప్పుడు ఫకీర్ కన్నా ముందు ఆమే తలూపింది. ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఓ చెయ్యి కూడా వేసి, “జర పైలం సార్, మీ వేళ్లు,” అంది.

ఆ పూట వెనక గది ఎంత విశాలంగా కనిపించిందో.

జ్ఞాపికల ఫ్రేములకు సార్ మెరిసే బంగారు రంగు పట్టీ ఎంచుకున్నాడు. అంతకన్నా తొందరగా చిట్లే పట్టీ దుకాణంలో ఇంకోటి లేదు. ఫరా కోస్తోంది, పూస్తోంది, అద్దుతోంది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన తల్లి మహమూదా ఓ ఫ్రేము చేతిలోకి తీసుకుని మూల దగ్గర వేలు పెట్టింది.

“గిదేం మూల? చీమలు కాపురం పెట్టేటట్టున్నది.”

“అందరు గట్లనే చేస్తున్నరు అమ్మీ. ఫినిషింగ్ చేసిన గద.”

మహమూదా గోడకున్న పాత ఫ్రేము దించి బిడ్డ ముందు పెట్టింది. అందులో ఉన్నది దాదా ఫోటో. ఆ ఫ్రేము దాదా తనకు తాను ముందే చేసిపెట్టుకున్నది. “గోరుతోని గీకు,” అంది.

ఫరా మూల మీద గోరు పెట్టి అటూ ఇటూ జరిపింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. జిగురు పొట్టు లేదు, పెయింటు లేదు. టేకు చార ఒక పట్టీలోంచి మలుపు తిరిగి రెండో పట్టీలోకి నడిచివెళ్లినట్టుంది. రోజూ ఆ ఫోటో కిందే నిలబడి పనిచేస్తూ, ఆ మూలను ఎన్నడూ చూడని తన కళ్ల మీద ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

“దేంతోని చేసిండు?”

“మొన్న సారుకిచ్చిన మిషన్‌తోనే. ట్రిమ్మర్ అనేటోడు దాన్ని. కత్తులు నేను నూరేదాన్ని, నూనె రాయి మీద. మీ దాదా పోయినంక తుప్పు పట్టొద్దని మైనం పూసి పెట్టిన.”

“గ్లాసులు పెట్టేదాంతోనా?”

“గ్లాసులు మీరు పెట్టిన్రు. ఆయన పెట్టలే,” అని మహమూదా డబ్బా మూత తీసి, పప్పు చల్లారిపోతోందని అంది.

అన్నం తింటూ ఫరా ఫోను తీసి ‘చేతి ట్రిమ్మర్’ అని వెతికింది. మొదట గడ్డాలొచ్చాయి. నల్ల గడ్డాలు, తెల్ల గడ్డాలు, వాటిని గొరిగే రకరకాల యంత్రాలు. చెక్క, మూల, పాతది అని ఒక్కో మాటా చేర్చుకుంటూ పోగా ఎక్కడో చలిదేశంలో ఓ ముసలాయన దొరికాడు. ఆయన ముందు బల్ల మీద అచ్చం అదే ఇనుప వస్తువు. అప్పుడే పుట్టిన లేగదూడను నిమిరినట్టు దాన్ని నిమురుతున్నాడు. భాష సగమే అర్థమైనా చేతులు అంతా చెప్పేశాయి. ఇది నరికేది కాదు, చెక్కేది. ముందు పట్టీని మామూలు రంపంతో ఉజ్జాయింపుగా కోసుకోవాలి. తర్వాత కొసను కత్తికి ఆనించి పిడి పక్కకు తోస్తే, కత్తి పై నుంచి దబ్బున పడకుండా ఏటవాలుగా జారుతూ వచ్చి ఉల్లిపొర మందాన కర్రను లేపుతుంది. కాగితాలు కోసేదీ ఇదీ ఒకటేనని జనం పొరబడతారట. కాగితాలదానికి కత్తి పై నుంచి దిగుతుంది, దీనికి పక్క నుంచి నడుస్తుంది. గీతలు దేనికంటే, పట్టీ ఏ కోణంలో ఆనాలో చెప్పడానికి. నలభై అయిదు మీద రెండు పట్టీలు చెక్కి కలిపితే మూల తయారు.

ముసలాయన చెక్కిన కొసను దగ్గరగా చూపించాడు. నున్నగా, గాజులా మెరుస్తోంది. ఫరా డబ్బా మూత పెట్టేసింది. ఆటోలోకి ఎక్కించడానికి తాను వేసిన చెయ్యి గుర్తొచ్చింది.

“అబ్బా,” అని తండ్రిని పిలిచింది. “గా మిషన్ నాకు కావాలె.”

ఫకీర్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. “ఎట్లడుగుత బిడ్డా? సెక్షన్లు గూడ చెప్పినుంటి.”

ప్రదర్శన నాడు తండ్రీబిడ్డలిద్దరూ గద్వాల బస్సెక్కారు. ఫరా ఒళ్లో జ్ఞాపికల సంచి, అందులోనే రంపంతో కోసిన కొన్ని టేకు పట్టీ ముక్కలు. ఫకీర్ ఇస్త్రీ షేర్వాణీ వేసుకున్నాడు. ఆయన ఆ రోజు ముఖ్య అతిథుల్లో ఒకడు.

ఫంక్షన్ హాలు నిండా బల్లలు. బిందెలు, లాంతర్లు, ఓ విరిగిన హార్మోనియం, ఇటిక్యాల చెంబు ఫోటో. నట్టనడుమ ఎర్ర మఖమల్ గుడ్డ మీద దాదా మిషన్. పక్కన బోర్డు: ‘శిక్షా యంత్రం. నేరాన్ని బట్టి కోత.’ తుప్పు తుడవలేదు. ఎందుకు తుడవలేదని ఎవరో అడిగితే, “అది తుప్పో, రక్తమో ఇంకా తేలలేదు,” అంటున్నాడు సార్.

శాలువా కప్పించుకున్నాక ఫకీర్‌ను పనితీరు చూపించమన్నారు. సమితివాళ్లు ఆలోచనాపరులు, పళ్లెంలో బెండకాయలు సిద్ధంగా పెట్టారు. లోకల్ చానల్ నుంచి వచ్చిన శ్రీవాణి అనే అమ్మాయి కెమెరా దగ్గరికి తెచ్చింది. ఫకీర్ ఓ లేత బెండకాయను నలభై అయిదు మీద పెట్టి, కళ్లు మూసుకుని, పిడి తోశాడు. బెండకాయ మొన తెగి మఖమల్ మీద పడింది. ముందు వరసలో ఆడవాళ్లు అయ్యయ్యో అని చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే అదే కాయను అరకిలో తరిగే ఆడవాళ్లు.

ఫరా ఇక ఆగలేకపోయింది. “సార్, ఒకటి అడగాలె. దొంగోని వేలు ఏటవాలుగ ఎందుకు కోసేటోళ్లు? నిలువుగ కోస్తె తెగదా?”

సార్ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మైకందుకున్నాడు. “అదేనమ్మా ఆనాటి పాలకుల దయ. ఏటవాలుగ తెగితే గాయం తొందరగ మానుతది. తొంభైలో మాత్రం నిలువుగనే. రాజద్రోహికి దయ లేదు.”

చప్పట్లు. ఫకీర్ హాలు పైకప్పును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

చప్పట్లు ఆగకముందే ఫరా బల్ల దగ్గరికెళ్లి బెండకాయలు పక్కకు జరిపింది. చున్నీ చెంగుతో కత్తుల మీది మైనం తుడిచింది. తల్లి నూరిన అంచు లోపల చెక్కుచెదరకుండా తెల్లగా మెరిసింది. సంచిలోంచి పట్టీ తీసి నలభై అయిదు గీత మీద ఆనించి, పిడి మీద చెయ్యి వేసింది. ఆ పిడిని ఎన్నడూ పట్టుకోని చేతికి అది పాత పరిచయంలా అమరింది. తోసింది. కరెంటు మిషన్ గోల లేదు, దుమ్ము లేదు. పట్టుచీర మడత విప్పినప్పటి చప్పుడు. పలచని కర్రపొర ఒకటి ఉంగరంలా చుట్టుకుని బల్ల మీద వాలింది. రెండో ముక్క కూడా చెక్కి, రెండు కొసలూ కలిపి దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. సందులోంచి వెలుతురు రాలేదు, సందే లేదు గనక.

“ఇది వేళ్ల మిషన్ కాదు. ఫ్రేముల మూలలు చెక్కేది. మా దాదా దీంతోనే ఇల్లు నడిపిండు. ఈ అంకెలు డిగ్రీలు. పి ఏ టి అంటే పేటెంటు.”

హాలు కాసేపు నిశ్శబ్దమైంది. అది నిజం తెలిసిన నిశ్శబ్దమని ఫరా అనుకుంది. నిరాశ అని తర్వాత అర్థమైంది.

“అంటే అక్కా, వేళ్లు అస్సలు తెగలేదా?” శ్రీవాణి ఆశ చావక అడిగింది.

“పట్టీలే తెగినయి.”

కెమెరా మూత పడింది. జనం హార్మోనియం వైపు కదిలారు. దాన్ని ఎవరు, ఎంత కోపంలో విరగ్గొట్టారో అక్కడ ఎవరో చెబుతున్నారు. సార్ ఫరా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు, “నువ్వు చెప్పింది నిజమే కావచ్చు తల్లీ. ప్రోగ్రాం అయిపోయేదాక జర ఆపుకోరాదా?” బోర్డు మాత్రం తీయలేదు.

భోజనాలకు పిలుపు రాగానే చరిత్ర మీద అభిమానమంతా బిర్యానీ గంగాళాల వైపు తరలింది. మిషన్ అడుగుదామని, ఇవ్వనంటే నాలుగు మాటలు అందామని మాటలు కూడా పేర్చుకుని ఫరా హాల్లోకి తిరిగొచ్చింది. సార్ ఒక్కడే బల్ల ముందు వంగి ఉన్నాడు. చేతిలో ఆమె వదిలేసిన పట్టీ ముక్క.

“ఎట్ల తోసినవు నువ్వు? నాకు బిగుసుకుంటున్నది.”

పేర్చుకున్న మాటలు ఫరా మింగేసింది. “ఒక్కసారే అంత కోయొద్దు సార్. పట్టీని ఎంట్రుకంత ముందుకు జరిపి, పిడి మెల్లగ తోయాలె.”

ఆయన తోశాడు. పొర లేచింది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు చూశాడు, వాసన చూశాడు. ఇంకోసారి తోశాడు. చెక్కిన కొస మీద బొటనవేలితో నిమిరి, “అద్దం లెక్కనే ఉన్నది,” అన్నాడు ఎవరితోనో కాదు, దానితోనే. మళ్లీ తోశాడు. పొద్దుటి నుంచి చేతిలోంచి వదలని మైకు పక్కన పడి ఉంది. కర్రపొరలు మఖమల్ మీద గుట్టపడ్డాయి. ఆ మొహం చూస్తుంటే ఫరాకు నవ్వు రావాల్సింది గానీ రాలేదు. ఫోన్లో ఆ చలిదేశపు ముసలాయన మొహం, ఈ మొహం ఒక్కలాగే ఉన్నాయి.

పళ్లెం పట్టుకుని ఫకీర్ వచ్చాడు. “సార్, బిర్యానీల ముక్కలు అయిపోతున్నయి.”

“పోనీ,” అన్నాడు సార్. ఆయన బిర్యానీని పోనిచ్చిన సందర్భం సమితి చరిత్రలో లేదు. తర్వాత తలెత్తి, “ఏం భాయ్, సెక్షన్లంటివి?” అన్నాడు.

“అంటి సార్. మీరు నమ్మిన్రు. తప్పు చెరి సగం.”

సార్ ఇంకో పొర లేపాడు. సాయంత్రం మిషన్‌ను తానే ఆటో ఎక్కించాడు, మఖమల్ గుడ్డతో సహా.

చానల్లో వార్త మాత్రం వచ్చింది. బెండకాయ తెగడం దాకా చూపించి, ఫరా నోరు తెరిచే చోట ఆపేశారు. దాంతో తెలకపల్లి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం వేళ్ల మిషన్ చూడటానికి దుకాణానికి రావడం మొదలుపెట్టారు. ఫకీర్ కుర్చీకి తీరిక లేకుండా పోయింది. ఫరా కిరోసిన్ గుడ్డతో తుప్పు వదిలించింది, మహమూదా నూనె రాయి మీద కత్తులు నూరింది. కరెంటు మిషన్ ఉజ్జాయింపు కోతకు దిగిపోయింది. మూలలు కుదిరాయి. ఓ గిరాకీ ఫ్రేము తిప్పి తిప్పి చూసి, “మూలకు గోల్డు పెయింటు కొట్టలేదేం? పైసలు మిగిలించుకున్నరా?” అని తగువు పెట్టుకున్నాడు. మంచి పనికి దొరికిన మొదటి మెచ్చుకోలుగా ఫరా దాన్ని జమ కట్టుకుంది.

సార్ తీరు మారింది. సంస్థానాలు వదిలేశాడు. ఇప్పుడు ఆయన కంటికి పిడి ఉన్న ప్రతిదీ మూలలు చెక్కే మిషనే. ఓ రోజు తెలకపల్లి నుంచి ఫరాకు ఫోనొచ్చింది. భీమన్న అనే రైతు.

“అమ్మా, మీ సారంట, మా కొట్టంల కూసున్నడు. గడ్డి మిషన్ ముట్టనిస్తలేడు. ఎడ్లకు మేతెయ్యాలె. నువ్వు చెప్తె ఇంటడంట.”

“జర ఆయనకియ్యి ఫోను.”

“ఫరమ్మా!” అన్నాడు సార్. “దొరికింది! ఇంకా పెద్దది!”

“కత్తి పక్కకు నడుస్తదా సార్, మీదికెళ్లి దిగుతదా?”

అటు నుంచి రెండుసార్లు కిర్రుమని ఇనుప చప్పుడు.

“మీదికెళ్లే దిగుతున్నది,” అన్నాడు సార్ నెమ్మదిగా.

“మరింక?”

“కాని తల్లీ, గడ్డి ఎంత సాఫుగ కోస్తున్నదో నువ్వొక్కసారి వచ్చి చూడాలె.”

వెనక నుంచి ఎడ్లు అరిచాయి. భీమన్న కూడా ఏదో అరిచాడు. సార్ ఫోను పెట్టలేదు. దాన్ని గడ్డి మిషన్ పక్కనే పెట్టి, మేత కోయడం మొదలుపెట్టాడు. చేతిలో పట్టీ పట్టుకుని ఫరా కాసేపు ఆ చప్పుడు విన్నది. నిజం చెప్పాలంటే సాఫుగానే కోస్తోంది.